మూడు గరిటె దెబ్బలు

మంచు అఖాతం ఒడ్డునున్న చర్చిల్ ఊళ్ళో డోర్కస్ ఫ్లెట్ చేతి సూప్ రుచి తెలియనివాళ్ళు రెండే రకాలు. నిన్న రైలు దిగినవాళ్ళు, తెల్ల ఎలుగులు. ఎలుగుల సంగతి కూడా అంత నమ్మకంగా చెప్పలేం. ఆవిడ పెళ్ళి విందు మొత్తం తినేసింది ఒక ఎలుగే.

పెళ్ళి అక్టోబరు నెలాఖరున జరిగింది. అఖాతం గడ్డకట్టేదాకా ఎలుగులకి సీల్ జంతువుల వేట ఉండదు. అవి ఖాళీ కడుపుతో ఒడ్డు వెంట పచార్లు చేస్తూ, గాలిలో ఏ వాసన తగిలితే ఆ వైపు నడుస్తుంటాయి. అలాంటి రోజుల్లో ముహూర్తం వద్దని పెద్దలు చెప్పినా పెళ్ళికొడుకు సైలస్ వినలేదు. ఊరంతా చర్చిలో ఉండగా ఎలుగు తీరిగ్గా వరండాలోకి వచ్చింది. ఆ ఊళ్ళో తలుపులకి తాళం వేయరు. ఎలుగు తరుముకొచ్చినవాడు ఏ ఇంట్లోకైనా దూరడానికి వీలుండాలి కదా. ఆ రోజు ఎలుగే దూరింది. కారిబూ దుప్పి తొడలు, పంది కొవ్వు డబ్బా, బెర్రీల కేకు, అన్నీ ముగించి నేల కూడా శుభ్రంగా నాకి వెళ్ళింది. పెళ్ళివారు పాలు లేని టీ తాగి ఇళ్ళకి పోయారు. మగపెళ్ళివారి తరఫున మొదటి చుట్టం కాస్త ముందే వచ్చి భోంచేసి వెళ్ళినట్టుందని డోర్కస్ తండ్రి అన్న మాట ఇప్పటికీ ఆ ఇంట్లో చెప్పుకుంటారు.

ఆ రోజు నుంచీ డోర్కస్‌కి ఎలుగులంటే గిట్టదు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, ఎలుగు కనబడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఆవిడ మాత్రం వాళ్ళని తిప్పే బండిలోనే, వెనక పొయ్యి పక్కన కూర్చుని బంగాళాదుంపల తొక్క తీసుకుంటూ ఉంటుంది. ఎలుగుల కాలం పోయాక చలికాలమంతా ఊళ్ళో మంచు తోసే బండి నడుపుతుంది. ఎలుగుల కాలంలో ఆవిడ చోటు మాత్రం చెట్లు లేని ఆ మంచు నేల మీద అతిథులకి ఎలుగుల్ని చూపిస్తూ తిరిగే టండ్రా బండిలో, సూప్ గిన్నె దగ్గర. ఇల్లంత ఎత్తు, మనిషంత చక్రాలు ఉండే ఆ బండికి స్టీరింగు దగ్గర కూర్చునేవాడు మొగుడు సైలస్.

సైలస్ ఎలుగుని కంటితో పట్టే తీరు ఊరందరూ చెప్పుకునేది. విల్లో పొదల చాటున పడుకున్నదైనా సరే, మంచులో మంచులా కలిసిపోయినదైనా సరే, అతని కంటికి దొరకాల్సిందే. దొరికాక మైకు అందుకుని దాని వయసు, దాని తల్లి, నిన్న అది ఎవరితో పోట్లాడిందో, అన్నీ చుట్టాల కబుర్లలా చెప్పేవాడు. అందులో సగం నిజమని డోర్కస్‌కి తెలుసు. ఏ సగమో ఆమెకీ తెలియదు. కంపెనీ బండ్లన్నిటిలో ముందు నడిచే బండి అతనిది. రెండో బండి డోర్కస్ తమ్ముడు గిడియన్‌ది. ముందు బండి వెనక ఏళ్ళ తరబడి నడిచినవాడికి ఉండే నోరు గిడియన్‌కి ఉంది. పైగా ఆ ఊళ్ళో బావకీ బావమరిదికీ మధ్య ఎంత మాటైనా చెల్లుతుంది. చెల్లకపోతేనే ఏదో గొడవ జరిగిందనుకుంటారు.

అంతా బాగానే నడుస్తున్న రోజుల్లో, కిందటేడు వసంతంలో ఒక పొద్దున్న, సైలస్ పెరట్లో నిలబడి టోపీ తీసి ఎవరితోనో మర్యాదగా మాట్లాడుతున్నాడు. డోర్కస్ కిటికీలోంచి చూసింది. అతని ఎదురుగా ఉన్నది తెల్ల రంగు వేసిన గ్యాస్ ట్యాంకు. పాస్టరు గారనుకున్నాడట. పాస్టరు గారు లావుపాటి మనిషే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆయన అంతసేపు జవాబివ్వకుండా నిలబడే మనిషి కాదు.

దక్షిణాన ఉన్న నగరాల నుంచి విమానంలో వచ్చే కళ్ళ డాక్టరు చూసి, రెండు కళ్ళలోనూ పొర కమ్మిందనీ, విన్నిపెగ్ నగరానికి వెళ్తే ఆపరేషను చేసి తీసేస్తారనీ, భయపడాల్సిందేమీ లేదనీ చెప్పాడు. సైలస్ అక్కడ తల ఊపి, ఇంటికొచ్చాక తన కళ్ళకేం కాలేదన్నాడు. ఈ ఏడు మంచే కాస్త చిక్కగా పడుతోందట. ఆపరేషనంటే ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే కంపెనీ యజమానురాలు గ్వెన్‌కి తెలుస్తుంది. ఆమెకి తెలిస్తే ముందు బండి గిడియన్ చేతికి పోతుంది.

"నీ తమ్ముడి బండిలో వెనక సీట్లో కూచుని నేను సూప్ జుర్రుకోవాలా?" అన్నాడు.

"సూప్ జుర్రుకోవడం అంత నామోషీ అయితే ఇన్నేళ్ళూ నేను చేసిందేంటి?" అంది డోర్కస్.

ఆ మాటకి సైలస్ కళ్ళు నలుపుకుని, ఈ ఒక్క కాలం గడవనియ్యమని బతిమాలాడు. గోతులెక్కడున్నాయో తన ఒంటికే తెలుసన్నాడు. బండి నడక మనిషి నడక కన్నా నిదానం, ఆ దారిలో గుద్దుకోవడానికి ఒక చెట్టయినా లేదన్నాడు.

"ఎలుగులున్నాయిగా."

"అవి తప్పుకుంటాయి. వాటికి కళ్ళున్నాయి."

డోర్కస్ ఒప్పుకోకూడదనే అనుకుంది. కానీ ముందటి చలికాలంలో చీలమండ బెణికి సైలస్ ఇంట్లో ఉన్న రోజులు గుర్తొచ్చాయి. ఊరికే కూర్చోలేక ఆమె వంటిల్లు సర్దాడు. డబ్బాలు ఎత్తుల వరసలో పెట్టాడు. ఉప్పు డబ్బాలో టీ పొడి పోశాడు, టీ డబ్బాలో ఏం పోశాడో అతనికే గుర్తులేదు. అది ఒక కారణం. రెండో కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్య అతను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని బయటికి చూస్తూ, అదుగో అక్కడ పొదల పక్కన ఒకటి ఉండాలి, ఇప్పుడు అది లేచి ఒడ్డుకి నడుస్తుండాలి, అని తనలో తనే అనుకుంటున్నాడు. కిటికీ బయట ఉన్నది ఆమె ఆరేసిన దుప్పటి.

అలా గరిటె పద్ధతి పుట్టింది. డోర్కస్ పొయ్యి దగ్గర నుంచి కిటికీల్లోంచి చూస్తుంది. ఎలుగు కనబడితే గిన్నె అంచు మీద గరిటెతో కొడుతుంది. ఒక దెబ్బంటే ఎడమ పక్క, రెండంటే కుడి పక్క, మూడంటే ఎదురుగా. వంటింట్లోనే సాధన చేశారు. సైలస్ కుర్చీలో కూర్చుని లేని స్టీరింగు పట్టుకునేవాడు, వాళ్ళ ముసలి పిల్లి ఎలుగు. పిల్లి ఎటు నడిస్తే ఆ లెక్కన డోర్కస్ గిన్నె వాయించేది. ఒక సాయంత్రం సాధన మంచి ఊపులో ఉండగా గిడియన్ తలుపు తోసుకుని వచ్చాడు. గాలిలో స్టీరింగు తిప్పుతున్న బావని చూశాడు, గిన్నె వాయిస్తున్న అక్కని చూశాడు, బల్ల కింద ఉన్న పిల్లినీ చూశాడు. టీ తాగి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు. గిడియన్ మాట అనకుండా వెళ్ళడం అదే మొదటిసారి. అప్పుడే అనుమానించాల్సింది.

అక్టోబరంతా పద్ధతి దివ్యంగా పనిచేసింది. ఠంగుమంటే ఎడమకి తిరిగి సైలస్ మైకు అందుకునేవాడు. ఆ దెబ్బలు పూర్వకాలపు వేటగాళ్ళ ఆచారమని అతిథులు వాళ్ళంతట వాళ్ళే తేల్చుకున్నారు. ఒకాయన ఆ శబ్దాన్ని రికార్డు చేసుకుంటానని డోర్కస్‌ని అడిగితే, ఆవిడ సిగ్గుపడి గిన్నె మీద మూత పెట్టింది. ఒకటే చిక్కు. ఆ గరిటెని ఇంకెవరూ ముట్టుకోకూడదు. అతిథులు వడ్డిస్తామని ముందుకొస్తే, అది మా అమ్మ గరిటె అని చెప్పి లాక్కునేది. అది నిజానికి స్టోర్లో కొన్న గరిటె.

ఇక రోజులు దగ్గర పడ్డాయి. అఖాతం అంచున పలచని మంచు పేరుకుంటోంది. గాలి వాయవ్యానికి తిరిగితే గట్టిపడుతుంది, గట్టిపడితే ఎలుగులు వెళ్ళిపోతాయి. వచ్చే ఏడు ముందు బండి ఎవరిదో ఈ వారంలో చెప్తానని గ్వెన్ అంది. సైలస్ ఆ మాట విననట్టే టోపీ సర్దుకున్నాడు. డోర్కస్ మాత్రం ఆ పొద్దున్న సూప్‌లో కారిబూ మాంసం రెండింతలు వేసింది. చేయడానికి ఆమె చేతిలో ఉన్నది అదొక్కటే.

ఆ రోజు రాత్రి పడ్డ కొత్త మంచుతో నేలంతా ఒకే తెలుపు. పొద్దుటి నుంచీ ఒక్క ఎలుగు లేదు. ఒక నక్క కనబడింది. కొన్ని మంచుకోళ్ళు కనబడ్డాయి. వాటి గురించి సైలస్ ఎంత బాగా చెప్పినా, అతిథులు మర్యాదగా విన్నారంతే. పెద్ద లెన్సు తెచ్చుకున్న ఒక పొడుగాటాయన లెన్సుకి మూత పెట్టేశాడు. విల్మా అనే రిటైరైన టీచరమ్మ మాత్రం ఖాళీగా కూర్చోలేక, అందరి కోట్లూ మడతపెట్టి, కిటికీల మీద ఆవిరి తుడిచి, ఇంకేం పని దొరుకుతుందా అని చుట్టూ చూస్తోంది.

పొయ్యి కింద అరలో పెట్టిన బానక్ రొట్టెలు మాడు వాసన వేశాయి. డోర్కస్ వాటిని తీయడానికి వంగింది. ఆమె తల అరలో ఉంది, గరిటె గిన్నెలో ఉంది. టీచరమ్మ ఇంతకన్నా మంచి అవకాశం రాదనుకుంది. లేచి వచ్చి సూప్ కలిపింది. కలిపాక, శుభ్రత తెలిసినవాళ్ళు ఏం చేస్తారో అదే చేసింది. గరిటెకి అంటిన చుక్కలు రాలేలా గిన్నె అంచు మీద చక్కగా కొట్టింది. ఠంగ్, ఠంగ్, ఠంగ్.

బండి ఆగింది.

డోర్కస్ అరలోంచి తల తీసేసరికి సైలస్ గొంతు మైకులో అప్పటికే తేనెలా సాగుతోంది. అందరూ నెమ్మదిగా ఎదుటి అద్దం వైపు రమ్మన్నాడు. ఎవరూ గట్టిగా మాట్లాడవద్దన్నాడు. అదుగో, నిద్రపోతోంది, మగది, వయసులో ఉన్నది, వీపు ఎంత నిండుగా ఉందో చూడమన్నాడు.

డోర్కస్ చూసింది. ఎదురుగా ఉన్నది నాయనమ్మ బండ.

ఆ బండ ఊళ్ళో డ్రైవర్లందరికీ తెలిసిందే. డోర్కస్ నాయనమ్మ బాతుల కాలంలో గాలికి అడ్డంగా దాని చాటున కూర్చుని తుపాకీ పేల్చేది, అందుకని ఆ పేరు. కొత్త మంచు కప్పి ఉంది కాబట్టి కాస్త ఎలుగులా ఉన్న మాట నిజమే. ఎలుగుని ఎప్పుడూ చూడనివాళ్ళకైతే ఇంకా బాగుంది. అతిథులు ఊపిరి బిగబట్టి ఫొటోలు తీస్తున్నారు. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంటోంది. గరిటె పట్టుకుని తన్మయత్వంతో నిలబడ్డ టీచరమ్మ చేతిలోంచి డోర్కస్ దాన్ని మెల్లగా తీసుకుంది. కానీ తీసుకుని ఏం చేస్తుంది? ఎడమకీ కుడికీ ఎదుటికీ దెబ్బలున్నాయి. తప్పు జరిగిందని చెప్పడానికి దెబ్బ లేదు.

అక్కడ ఇంకొక ఆచారం ఉంది. ఒక బండి ఆగిందంటే మిగతా బండ్లన్నీ ఆ చోటికే వస్తాయి. వచ్చాక, ముందు ఆగినవాడు ఎలుగు అన్నదాన్ని రేడియోలో ఎవరూ కాదనరు. అతిథుల ముందు తోటి డ్రైవరు పరువు తీయకూడదు. నీ ఎలుగుని నేను కాదంటే రేపు నా ఎలుగుని నువ్వు కాదంటావు. మంచులో రోజంతా తిరిగే మనుషులకి ఈ కట్టుబాటు లేకపోతే బతుకు నడవదు.

కాబట్టి బండ్లు ఒక్కొక్కటే వచ్చి నాయనమ్మ బండ చుట్టూ అర్ధచంద్రాకారంలో ఆగాయి. ప్రతి డ్రైవరూ తన అద్దంలోంచి బండని చూశాడు. రేడియోలో ఒకడు గొంతు సవరించుకుని, మంచి ఎలుగు, అన్నాడు. ఇంకొకడు, బాగా కదలకుండా ఉంది, అన్నాడు. ఆఖరికి గిడియన్ గొంతు వినబడింది.

"బావా, నీ ఎలుగు ముఖంలో మా నాయనమ్మ పోలికలు కనిపిస్తున్నాయి."

కట్టుబాటు తప్పలేదు. ఎలుగు కాదని అతను అనలేదు. కానీ సైలస్ వీపు బిగుసుకోవడం డోర్కస్ పొయ్యి దగ్గర నుంచే చూసింది. తాను దేని ముందు ఆగాడో అతనికి తెలిసిపోయింది. అతని మెడ మెల్లగా ఎర్రబడింది. పెద్ద లెన్సాయన అప్పుడే లెన్సు దించి, ఇది ఊపిరి పీల్చుతున్నట్టు కనబడటం లేదే అన్నాడు. చలికాలం ముందు బలం దాచుకోవడానికి చాలా నెమ్మదిగా పీలుస్తాయని సైలస్ చెప్పాడు. ఎంత నెమ్మదిగా అని ఆయన అడిగాడు. చాలా, అన్నాడు సైలస్.

గిడియన్ ఇంకొక మాట అంటే అంతా బయటపడుతుంది. సైలస్ ఒక కిటుకు చేశాడు. రేడియో మీట నొక్కి పట్టుకున్నాడు. ఒకడు మీట నొక్కి ఉంచితే ఇంకొకడి మాట వినబడదు. నొక్కి, ఎలుగుల నిద్ర గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఎలుగుల కలల దాకా వెళ్ళాడు. మీట మాత్రం వదల్లేదు.

సరిగ్గా ఆ సమయంలోనే అసలు ఎలుగు వచ్చింది.

వెనక విల్లో పొదల్లోంచి లేచి, బండి గాడి పట్టుకుని, ముక్కు ఎత్తి నడుస్తూ వచ్చింది. రెండింతల కారిబూ వేసిన సూప్ వాసన గాలికి అంత దూరం వెళ్ళింది. మిగతా బండ్లవాళ్ళందరూ చూశారు. చెప్దామంటే రేడియోలో సైలస్ ఎలుగుల కలల్లో ఉన్నాడు. గిడియన్ దీపాలు వెలిగించి ఆర్పాడు. ఇంకో బండివాడూ వెలిగించాడు. ఆ మసక వెలుగులు సైలస్‌కి అందాయి. తన ఉపన్యాసానికి మెచ్చుకోలు అనుకున్నాడో, ఎగతాళి అనుకున్నాడో గాని, ఇంకా గట్టిగా మాట్లాడాడు.

అతిథులు ఒక్కరొక్కరే ఎదుటి అద్దం వదిలి బండి వెనక బయటికి ఉన్న ఇనప జాలీ నేల అరుగు మీదికి వెళ్ళారు. ఎలుగు ఆ జాలీ కిందికి వచ్చి వాళ్ళ బూట్ల అడుగులు వాసన చూసింది. ఎవరూ నోరు విప్పలేదు. అరుగు మీద గుసగుస కన్నా పైకి గొంతు ఎత్తరాదని పొద్దున్న బండి ఎక్కేటప్పుడే సైలస్ గట్టిగా చెప్పాడు. జీవితంలో ఒక టీచరమ్మ నియమాన్ని ఎంత బాగా పాటించగలదో విల్మా ఆ రోజు చూపించింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మాత్రం పళ్ళేలంత చేసింది.

ముందు కూర్చున్న సైలస్‌కి తెలిసిందొకటే. అతిథులు విసిగిపోయి వెనక్కి పోయారు. బండని బండ అని కనిపెట్టేశారు. ఇక అక్కడ ఉండటం వల్ల లాభం లేదు. నిద్రపోయే జంతువుని ఎక్కువసేపు కష్టపెట్టకూడదనీ, అందుకని ఇప్పుడు కదులుతున్నామనీ రేడియోలోనూ మైకులోనూ కలిపి ప్రకటించి, తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

అప్పటికి ఎలుగు జాలీ కింద నుంచి ముందుకి పాకి, ముందు చక్రాల మధ్య చేరింది. చక్రం వెనక నుంచి దాని వీపు కాస్త బయటికి కనబడుతోంది. చక్రానికంటిన మంచు గడ్డని అది నాకుతోంది.

డోర్కస్ గరిటె ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఒకటి ఎడమ. రెండు కుడి. మూడు ఎదురుగా. కింద అని చెప్పడానికి వాళ్ళ దగ్గర దెబ్బ లేదు. వంటింట్లో పిల్లి కుర్చీ కిందికి ఎన్నోసార్లు దూరింది. వాళ్ళకి తట్టలేదు.

గరిటె సూప్‌లో పడేసింది.

"సైలస్, తాళం తిప్పకు. నీ చక్రాల మధ్య ఎలుగుంది. నీకు కనబడదు. కనబడక చాలా రోజులైంది. చెయ్యి తీసెయ్యి."

ఆమె అరవలేదు. మంచు తోసే బండి ముందు ఆడుకునే పిల్లలతో మాట్లాడే గొంతుతో అంది. కానీ సైలస్ రెండో చెయ్యి ఇంకా రేడియో మీట మీదే ఉంది. ఆ మాట వరసగా ఆగిన బండ్లన్నిటిలోకీ, ఊళ్ళో ఆఫీసులో కూర్చున్న గ్వెన్ బల్ల మీదికీ స్పష్టంగా వెళ్ళింది.

సైలస్ తాళం మీద నుంచి చెయ్యి తీశాడు. మీట మీద నుంచి కూడా తీశాడు. ఎలుగు చక్రాల మధ్య నుంచి బయటికి వచ్చి, ఒళ్ళు దులుపుకుని, ముందరి కాళ్ళు బండి పక్కకి ఆనించి లేచి నిలబడింది. దాని ముక్కు సైలస్ కిటికీ అద్దానికి తగిలింది. అద్దానికి అటు ఎలుగు, ఇటు సైలస్. ఆ దూరంలో పొరలున్న కళ్ళకి కూడా కనబడుతుంది. ఇద్దరూ ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు. ఎలుగు ఊపిరికి అద్దం మసకబారింది. సైలస్ కోటు చేత్తో తన వైపు తుడిచాడు. మసక అటు వైపుది కాబట్టి పోలేదు.

"ఆడది," అన్నాడు మెల్లగా, ఎవరితోనో అన్నట్టు. "ఎంత బాగుందో."

  డోర్కస్ సూప్‌లోంచి గరిటె వెదికి తీసింది. ఎలుగు సంగతి ఆమెకి పట్టలేదు. అందరి ముందూ మొగుడి పరువు తీసింది, అదీ రేడియోలో. అతని ఎలుగుని ఇంకో డ్రైవరు కాదనకూడదని కట్టుబాటు ఉంది. పెళ్ళాం కాదనకూడదని ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాదనుకుని ఉంటారు.

రేడియో గరగరమంది. గిడియన్. ఇక మొదలు, అనుకుంది డోర్కస్.

"బావా, ఇంజను అలాగే ఆపి ఉంచు. నువ్వు చూడక్కర్లేదు, మేం చూస్తున్నాం. అది పక్కకి పోయాక చెప్తా."

వేళాకోళం లేదు. ఇంకో బండివాడు, ఇప్పుడు అది నీ వెనక చక్రం దగ్గరుంది సైలస్, అన్నాడు. మరొకడు, కూర్చుంది, అన్నాడు. అలా ఒకడి తర్వాత ఒకడు దాని ప్రతి అడుగూ చెప్తూ వచ్చారు. చివరికి, పొదల్లోకి పోయింది బావా, అన్నాడు గిడియన్. కాస్త ఆగి ఇంకొక మాట కలిపాడు. సూప్ గిన్నె చప్పుడు పోయిన నెల నుంచీ వాళ్ళందరికీ తెలుసట. బావ రేడియోలో మాట్లాడేటప్పుడల్లా వెనక నుంచి అక్క గరిటె దెబ్బలు వినబడుతూనే ఉన్నాయట. ఒక దెబ్బ వినబడితే తామూ ఎడమకే చూసేవాళ్ళమని ఒప్పుకున్నాడు. ఈ ఏడు ఎలుగుల్లో చాలావాటిని ఊళ్ళో డ్రైవర్లందరికీ చూపించింది డోర్కసే.

ఎలుగులంటే గిట్టని డోర్కస్‌కి ఈ పొగడ్త ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత గ్వెన్ గొంతు వచ్చింది. గ్వెన్ చిన్నది, చిన్నప్పుడు సైలస్ బండి మెట్ల మీద ఆడుకున్న పిల్ల. ఆమె గొంతులో కోపం ఎక్కువుందో, భయం ఎక్కువుందో చెప్పడం కష్టం.

"సైలస్ బాబాయ్, కుర్చీ దిగు. డోర్కస్ పిన్నీ, బండి నువ్వు తీసుకురా. నీ సంగతీ తర్వాత మాట్లాడాలి. ఇద్దరిదీ."

సైలస్ లేచాడు. ఇన్నేళ్ళలో అతిథులున్నప్పుడు ఆ కుర్చీలోంచి లేవడం ఎవరూ చూడలేదు. నడవా సన్నగా ఉంటుంది, ఇద్దరూ మధ్యలో ఎదురుపడి పక్కకి తిరిగి తప్పుకోవాల్సి వచ్చింది. డోర్కస్ అతని ముఖంలోకి చూడలేదు. అతను ఆమె చేతిలో ఏదో పెట్టాడు. తన టోపీ. ఎదుటి అద్దం మీద ఎండ పడితే కళ్ళు చెదురుతాయన్నాడు. తన కళ్ళు చెదరడానికి ఇంకేం మిగల్లేదన్నాడు.

"గోతులు చూసుకో, ముసలిదానా," అన్నాడు.

"చూసుకుంటా. నాకు కనబడతాయి," అంది. అని నాలుక కరుచుకుంది. వెనక నుంచి సైలస్ నవ్వు వినబడ్డాక ఊపిరి వదిలి తాళం తిప్పింది.

తిరుగుదారిలో ఆమె బండిని మంచు తోసే బండిలాగే నడిపింది. దారి తనంతట తనే పక్కకి జరగాలన్నట్టు. వెనక సైలస్ పొయ్యి దగ్గర కూర్చుని అతిథులకి క్షమాపణ చెప్పాడు. తర్వాత వాళ్ళు అడగకుండానే తన పెళ్ళి విందు తిన్న ఎలుగు కథ చెప్పాడు. గ్యాస్ ట్యాంకు కథ చెప్పాడు. పిల్లి కథ చెప్పాడు. ఆ రోజు మొదటిసారిగా అతను చెప్పిందంతా నిజమే. అతిథులు అంతగా ఎప్పుడూ నవ్వలేదు. పెద్ద లెన్సాయన మాత్రం, అయితే తాను తీసిన ఫొటోలన్నీ రాయివా, అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. విల్మా ఆయన్ని ఓదార్చింది. ఆవిడకింకా ఆ మూడు దెబ్బలూ తనవేనని తెలియదు. ఆవిడకి తెలియనివ్వకూడదని సైలస్, డోర్కస్ ఒకరితో ఒకరు అనుకోకుండానే నిర్ణయించుకున్నారు.

గ్వెన్ ఆ సాయంత్రం ఇద్దరికీ బాగానే తలంటింది. పనిలోంచి తీసెయ్యాల్సినంత పనే చేశారంది. సైలస్ తల వంచుకుని విన్నాడు. వాదించలేదు. ఎలుగు కాలు చక్రం కింద పడి ఉంటే, అని తనే అన్నాడు. విన్నిపెగ్ రైలుకి టికెట్ తీసి ఇచ్చి, కళ్ళు బాగయ్యాక కనబడమంది గ్వెన్. ముందు బండి గిడియన్‌కి వెళ్ళింది. రెండో బండి నడపడానికి ఎవరూ లేరు. మంచు తోసే బండి నడిపే ఒకావిడ ఉందనీ, ఎలుగుల్ని చూడటంలో ఆమెని మించినవాళ్ళు లేరనీ గిడియన్ సిఫారసు చేశాడు.

రైలు రావడానికి ముందు మిగిలిన కొద్ది రోజులూ డోర్కస్ స్టీరింగు పట్టింది. సైలస్ వెనక మైకు పట్టి కబుర్లు చెప్పాడు, సూప్ వండాడు. సూప్ గురించి అతిథులు ఏమీ అనలేదు, మంచి మనుషులు. గరిటె చేతికొచ్చాక అతనికి ఆగలేదు, ఒకరోజు ఠంగ్ ఠంగ్ ఠంగుమని కొట్టాడు. డోర్కస్ బండి ఆపలేదు. ఎందుకు ఆపలేదని అడిగితే, అది మా నాయనమ్మ, అంది.

చలికాలంలో రెండు కళ్ళకీ ఆపరేషనయ్యింది. తిరిగొచ్చిన సైలస్ ఇంట్లో అడుగుపెట్టి, గోడల రంగు ఎప్పుడు మార్చావని అడిగాడు. మార్చలేదు. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తుల వరసలో లేవని కూడా అతనికి అప్పుడే కనబడింది. డోర్కస్ అతని చేతికి టీ ఇచ్చి, కుర్చీ కిటికీ వైపు తిప్పింది. బయట నిజంగానే ఏమీ లేదు, మంచు తప్ప. అతను చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

మళ్ళీ ఎలుగుల కాలం వచ్చేసరికి గ్వెన్ ఇద్దరినీ పిలిచి, రెండో బండి ఎవరు నడుపుతారో మీలో మీరే తేల్చుకోండి అంది. సైలస్ డోర్కస్ వైపు చూశాడు. డోర్కస్ అప్పటికే టోపీ పెట్టుకుని ఉంది. ఈ లోపు అతని సూప్ చాలా మెరుగుపడిందని మాత్రం అంది.

విల్మా టీచరమ్మ ఆ రోజు తీసిన ఫొటోని పెద్దది చేయించి, చట్రం కట్టించి పంపింది. కొత్త మంచు కప్పిన నాయనమ్మ బండ. తన జీవితంలో చూసిన మొదటి ఎలుగు ఇదేననీ, రాయైనా తనకి ఇదే ఇష్టమనీ చెప్పి పంపింది. సైలస్ దాన్ని వంటింట్లో పొయ్యి పైన తగిలించాడు. టీకి వచ్చిన డ్రైవర్లు ప్రతి ఒక్కరూ దాని ముందు ఆగి చూస్తారు. కట్టుబాటు కట్టుబాటే కదా. మంచి ఎలుగు, అంటారు.

మొన్న గిడియన్ కూడా వచ్చాడు. టీ కప్పు పట్టుకుని ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"కాస్త చిక్కినట్టుంది బావా."

సైలస్ కొత్త కళ్ళతో దాన్ని తేరిపార చూశాడు.

"అఖాతం ఇంకా గడ్డకట్టలేదు కదా," అన్నాడు. "తిండెక్కడిది?"